పోయినవాడి మీద పాపం వేయకండి



ఈసారి పోస్టులో ఎరువుల రేట్లు లేవు, కాలవ నీళ్ళ గొడవా లేదు. పది రోజులుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. రాస్తే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. చివరిదాకా చదివి తిట్టండి.

మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడు పోయాడు. పందొమ్మిదేళ్ళు. కౌలు రైతు కొడుకు. ఐటీఐ చదువుకుంటూ సెలవు రోజుల్లో తండ్రికి సాయంగా పొలం వెళ్ళేవాడు. నాట్లయిన పదో రోజు, రాత్రి తొమ్మిదింటికి మడవ కట్టి వద్దామని గట్టు మీద నడుస్తున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో సెల్‌ఫోన్ లైటు. రక్తపింజరి కాటేసింది. ముందు మంత్రం వేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ రెండు గంటలు పోయాయి. తర్వాత ఆసుపత్రి. మూడో రోజు శవం ఇంటికొచ్చింది.

దినం భోజనాలకి నేనూ వెళ్ళాను. బంతిలో నా పక్కన వరసకు మావయ్య అయ్యే పెద్దాయన కూర్చున్నారు. ఊళ్ళో నలుగురూ గౌరవించే మనిషి. విస్తట్లో అన్నం కలుపుకుంటూ అన్నారు: "వాళ్ళ తాత పొలం చదును చేయించేటప్పుడు పుట్ట తవ్వించాడ్రా. ఊరికే పోద్దా? మూడో తరం మీద కొట్టింది." ఎదురు వరసలో ఇంకొకాయన "దేవుడు కారణం లేకుండా ఏదీ చెయ్యడు" అని తల ఊపాడు. గుమ్మం అవతల గోడకి ఆనుకుని కూర్చున్న ఆ కుర్రాడి తల్లి తలెత్తి ఇటు చూసింది. ఆవిడకి వినపడింది.

నేను ఏమీ అనలేదు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆరోజు అనాల్సిన మాట ఇవాళ రాస్తున్నాను.

మావయ్యా, మీరు ఈ పోస్టు చదువుతారని నాకు తెలుసు. మీ మీద గౌరవం ఏమీ తగ్గలేదు. కానీ పుట్ట తవ్వకుండా మన దివిసీమలో ఎకరం పొలమైనా తయారైందా? మీ పొలంలో పుట్టలు లేవా? మా నాన్న ఎన్ని తవ్వించాడో నాకు తెలుసు, పారతో మట్టి లాగినవాణ్ణి నేనే. మీ మనవడు హైదరాబాదులో ఉన్నాడు, నా మనవరాలు బడికి వెళ్తోంది. ఆ కౌలు రైతు కొడుకు మీదకే లెక్క ఎందుకొచ్చింది? దేవుడి దగ్గర ఉన్న రికార్డు మన పాత అడంగల్ లాగా ఒకరి పొలం ఇంకొకరి పేరున ఎక్కిందా?

ఈ మాట నాకు ఇంత గుచ్చుకోవడానికి కారణం ఉంది. నేను ఉప్పెన పిల్లవాణ్ణి.

1977 నవంబరు 19, శనివారం. నాకు పన్నెండేళ్ళు. మా ఊరు కోడూరు వైపు. ఆ రోజు గురించి ఇక్కడ పెద్దగా రాయను. మన ప్రాంతంలో అరవై దాటిన ఎవర్ని అడిగినా చెప్తారు. సముద్రం తాడిచెట్టంత ఎత్తున లేచి వచ్చిందనే వాళ్ళం. మా అమ్మ, ఆరేళ్ళ మా చెల్లి పోయారు. చెల్లి దొరకలేదు. నాన్న, నేను తాడిచెట్టు పట్టుకుని మిగిలాం. సర్కారు లెక్కే పది వేల మంది అంటుంది. మన వాళ్ళ లెక్క ఇంకా ఎక్కువ.

నెల చూడండి: కార్తీకం. దీపావళి అయి వారమే అయింది. మా అమ్మ ఆ సోమవారం కూడా ఉపవాసం ఉంది. రోజూ చీకటితో లేచి కాలవ రేవులో దీపం పెట్టి వచ్చేది. ఆ వారంలోనే సముద్రం వచ్చింది.

తర్వాత నెల రోజులకి సహాయం చేసేవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళ అన్నం తిని బతికినవాణ్ణి, వాళ్ళకి దండం. వాళ్ళతో పాటు కారణాలు చెప్పేవాళ్ళు కూడా వచ్చారు. ఒకాయన ఊళ్ళో ధర్మం తప్పింది కాబట్టి అన్నాడు. ఇంకొకాయన నిజమైన దేవుణ్ణి తెలుసుకోలేదు కాబట్టి అన్నాడు. మూడో ఆయన పూర్వజన్మ అన్నాడు. ముగ్గురూ మూడు మతాల పుస్తకాలు చదివినట్టు మాట్లాడారు గానీ చెప్పింది ఒకటే: మీ వాళ్ళు పోయింది మీ వల్లే. పన్నెండేళ్ళ పిల్లవాడు ఆ మాట విని ఏం చేస్తాడు? మా చెల్లి చేసిన పాపం ఏమిటా అని వెతికాను. దేవుడి గూట్లో బెల్లం ముక్క దొంగతనంగా తినేది. చాలా ఏళ్ళు నాకు దొరికిన పాపం అదొక్కటే. ఆ బెల్లం తినమని చెప్పింది నేనేనని కూడా గుర్తొచ్చింది. అప్పుడు ఇంకా ఘోరంగా ఉండేది.

అందుకే చెప్తున్నాను. పోయినవాడి పాపం అనే మాట అనేవాడి నోట్లో ఒక్క నిమిషం ఉంటుంది. వినేవాడి గుండెలో నలభై ఏళ్ళు ఉంటుంది.

ఇప్పుడు లెక్కకి రండి. మనం రైతులం, లెక్క లేకుండా ఏదీ నమ్మం.

1977లో పోయినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది గుడిసెల్లో ఉన్నవాళ్ళు. చేపలు పట్టేవాళ్ళు, కూలీలు, కోతలకి వచ్చినవాళ్ళు, చిన్న కౌలుదార్లు. మిగిలింది ఎవరు? పక్కా డాబా ఉన్నవాళ్ళు, గుడి, బడి లాంటి గట్టి కట్టడం ఎక్కగలిగినవాళ్ళు, దొరికిన చెట్టు పట్టుకున్నవాళ్ళు. పాపం తాటాకు కప్పు కింద ఉండి పుణ్యం సిమెంటు శ్లాబు కింద ఉంటుందా?

1990 మే 9న ఇంకో పెను తుఫాను వచ్చింది. అదే కోస్తా, అదే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. గాలి తక్కువేమీ కాదు. ఈసారి లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. తుఫాను షెల్టర్లు కట్టారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఒడిశా చూడండి. 1999 అక్టోబరు 29 తుఫానులో సుమారు పది వేల మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మందిని కదిలించారు, చావులు పదుల్లోనే ఆగాయి.

పదమూడేళ్ళలో మన జిల్లాలో పాపం తొమ్మిది వంతులు తగ్గిందా? చెప్పండి. ఆ పదమూడేళ్ళలో సారా తగ్గిందా, కట్నాలు తగ్గాయా, తూకంలో మోసం తగ్గిందా? తగ్గలేదు. కబురు ముందు అందింది, ఎక్కడానికి శ్లాబు దొరికింది. పది వేల మంది చావుని వెయ్యి లోపుకి తెచ్చింది అదీ. మరి ముందు పోయినవాళ్ళు పాపాత్ములు ఎలా అయ్యారు? వాళ్ళకి ఎవరూ సమయానికి చెప్పలేదు. అంతే.

పాముకాటు లెక్క కూడా చూడండి. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోవాళ్ళే. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంటే దేవుడి కోపం సరిగ్గా నాట్ల సీజనులోనే ఎక్కువవుతుందా? చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచేవాడి మీదే వస్తుందా? ఏసీ గదిలో కూర్చుని కల్తీ విత్తనాలు అమ్మినవాడి మీదకి ఏ పామూ వెళ్ళదేం?

ఈ వాదన మన ఊళ్ళో పుట్టింది కాదు. మహానుభావులే ఇందులో జారారు. 1934 జనవరి 15న బీహార్లో, నేపాల్లో భూకంపం వచ్చింది. ముంగేర్, ముజఫర్‌పూర్ లాంటి ఊళ్ళు నేలమట్టం అయ్యాయి. పది వేల మందికి పైగా పోయారు. అప్పుడు గాంధీగారు అస్పృశ్యత పోవాలని దేశమంతా తిరుగుతున్నారు. 1933 డిసెంబరులో మన ఆంధ్ర జిల్లాల్లో కూడా తిరిగి, అక్కణ్ణించి దక్షిణాదికి వెళ్ళారు. భూకంపం వార్త తెలిశాక ఆయన ఒక మాట అన్నారు: ఇది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని.

అస్పృశ్యత పాపమే, అందులో సందేహం లేదు. కానీ రవీంద్రనాథ్ ఠాగూర్ ఒప్పుకోలేదు. ఆయన గాంధీగారి శత్రువు కాదు, అస్పృశ్యత పోవాలనే పోరాటంలో ఆయన పక్షమే. అయినా బహిరంగంగా రాశారు. భూమి కదలడానికి కారణం భూమిలోనే ఉంటుంది, మన నీతికి దాన్ని ముడిపెట్టకూడదు అన్నారు. ఇదే వాదన రేపు మీ ఎదటివాళ్ళు కూడా వాడుకోగలరు, మీ ఉద్యమం వల్లే దేవుడికి కోపం వచ్చిందని వాళ్ళూ అనగలరు అని గుర్తుచేశారు. గాంధీగారు ఆ లేఖని తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, కింద తన జవాబు రాశారు. మాట మార్చుకోలేదు. ఇది నా విశ్వాసం, రుజువు చెయ్యలేను అన్నారు. తర్వాత బీహారు వెళ్ళి బాధితుల మధ్య తిరిగారు.

ఇందులో ఒక తేడా గమనించండి. గాంధీగారు కనీసం పాపాన్ని పైవాళ్ళ మీద, తన మీద, అందరి మీద వేశారు. శవం పక్కన కూర్చున్న తల్లి మీద వెయ్యలేదు. అయినా ఆ భూకంపంలో గోడ కూలి పోయినవాళ్ళలో అంటరానివాళ్ళుగా చూడబడ్డవాళ్ళు లేరా? చేసినవాడూ పడినవాడూ ఒకే గోడ కింద చస్తే అది శిక్ష ఎలా అవుతుంది? గాంధీగారంతటి మనిషి చెప్పినా నిలబడని మాట దినం భోజనాల బంతిలో మనం చెప్తే నిలబడుతుందా?

ఇంకా వెనక్కి, ఇంకా దూరం వెళ్ళినా ఇదే కథ. 1755 నవంబరు 1న పోర్చుగల్‌లో లిస్బన్ నగరం భూకంపంలో కూలింది. ఆ రోజు వాళ్ళకి పెద్ద పండగ, జనం చర్చీల్లో ఉన్నారు. వెలిగించిన కొవ్వొత్తులే తర్వాత మంటలు రేపాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు వేలాంకణ్ణిలో క్రిస్మస్ మొక్కులకి వచ్చిన భక్తులు వందల్లో కొట్టుకుపోయారు. భక్తి తక్కువై పోయారనడానికి వీల్లేదు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళే పోయారు. మా అమ్మ పెట్టిన కార్తీక దీపం లాగే.

సరే, "పాపం" అనే మాట వదిలేద్దాం. పెద్దలు ఇంకా కొన్ని జవాబులు చెప్తారు. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది కర్మ. నాకు కర్మ మీద ఎగతాళి లేదు. మా నాన్న కర్మని నమ్మే ఎవడి గట్టూ జరపలేదు. తన సంగతి తను చూసుకోవడానికి అది మంచి మాట: చెడు చెయ్యకు, అనుభవిస్తావు. కానీ దాన్ని తిప్పి ఎదటివాడి మీదకి గురిపెట్టగానే విషం అవుతుంది. గొడ్డు పొలంలో పడితే అప్పుడే అదిలిస్తాం. నెల తర్వాత, అది మరిచిపోయాక, కట్టుగొయ్య దగ్గర ఉన్నదాన్ని కొడితే మనల్ని పిచ్చివాళ్ళంటారు. ఏం చేశాడో గుర్తు లేనివాడికి, ఇంకో ఒంట్లో, ఇంకో పేరుతో ఉన్నవాడికి శిక్ష వేస్తే అందులో అతను నేర్చుకునేది ఏముంది? పైగా ఈ లెక్కతోనే కదా తరాల తరబడి ఊరి చివర పల్లెవాళ్ళకి మీ బతుకు మీ పూర్వజన్మ ఫలం అని చెప్పి కూలి తక్కువ ఇచ్చాం? ఆ మాట ఎవరికి లాభం చేసిందో చూస్తే అది ఎవరు చెప్పిన మాటో తెలుస్తుంది.

రెండోది పరీక్ష. దేవుడు పరీక్ష పెడుతున్నాడు అంటారు. ఎవరికి? తల్లికా? తల్లికి పరీక్ష పెట్టడానికి కొడుకు ప్రాణం ప్రశ్నపత్రమా? మరి ఆ కొడుకు సంగతేంటి? వాడికంటూ ఒక బతుకు లేదా? మనలో ఏ తండ్రైనా పెద్దకొడుకు ఓర్పు చూడ్డానికి చిన్నకొడుకుని కాలవలో తోస్తాడా? తోస్తే పోలీసులకి అప్పజెప్తాం. మనిషి చేస్తే నేరం అయ్యేదాన్ని దేవుడి పేరుమీద ప్రేమ అని చెప్పకండి. ఆయన పరువు తీస్తున్నది మీరే.

మూడోది, మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు మనిషి చేసుకున్నదే అనేది. ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. కల్తీ మందు అమ్మేది మనిషే. నూటికి ఐదు రూపాయల వడ్డీ కట్టించుకునేది మనిషే. వాటికి దేవుణ్ణి నిందించి లాభం లేదు, మనల్నే నిందించుకోవాలి. కానీ పాము స్వేచ్ఛ దేనికి? ఉప్పెనకి ఏ స్వేచ్ఛ? ఆరేళ్ళ పిల్ల తన ఇష్టంతో ఏం ఎంచుకుంది?

నాలుగోది అన్నిటికంటే గట్టి జవాబు. లోకం ఒక పద్ధతిలో నడుస్తుంది, అందులో మంచీ చెడూ విడదీయలేం అంటారు. ఇది రైతుకి బాగా తెలిసిన సంగతి. పాము లేకపోతే ఎలుకలు చేను మిగలనివ్వవు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టకపోతే కొన్నేళ్ళు మనకి వానే లేదు. మనం దున్నే ఈ నల్లమట్టి కృష్ణమ్మ వరదల్లో మోసుకొచ్చి పోసిందే. వరద వద్దంటే దివి లేదు. నిజమే. ఈ జవాబు ముందు నేను చాలాసేపు ఆగుతాను.

కానీ ఆగాక ఒకటి తోస్తుంది. చీడ తగిలి పది దుబ్బులు పోయినా ఎకరం మొత్తం మీద దిగుబడి బాగుంది అనుకోవడం రైతు లెక్క. నేనూ అలాగే అనుకుంటాను. తల్లి అలా అనుకోదు. ఆరుగురు పిల్లల్లో ఒకడు పోతే, మొత్తం మీద ఐదుగురు దక్కారు, పంట బాగానే ఉంది అనే తల్లిని నేను చూడలేదు. ప్రేమ అనే మాటకి అర్థమే అది: ఒక్కొక్కణ్ణీ విడివిడిగా లెక్కపెట్టడం. దేవుడు లోకాన్ని సమర్థంగా నడుపుతున్నాడంటే ఈ నాలుగో జవాబు సరిపోతుంది. దేవుడు తల్లిలాంటివాడు అంటే సరిపోదు. మనం గుళ్ళో, చర్చిలో పాడేది రెండోదే కదా?

చివరికి మిగిలేది: ఆయన లీల మనకి అర్థం కాదు. దీనికి నేను తల వంచుతాను. నాకూ అర్థం కాలేదు, అరవై ఏళ్ళకి కూడా. కానీ అర్థం కాదు అన్నవాడు అక్కడితో ఆగాలి. అర్థం కాదు అంటూనే, అదే నోటితో వాళ్ళ తాత పుట్ట తవ్వాడు అని ఎలా చెప్తారు? తెలియదంటే రెండువైపులా తెలియకూడదు.

ఇదంతా చూసి నాకు దేవుడి మీద నమ్మకం లేదనుకోకండి. ప్రశ్న అడగడం భక్తికి విరుద్ధం అని ఎవరు చెప్పారు? మన కథలే చూడండి. మొసలి పట్టిన గజేంద్రుడు ఇక బలం లేదనుకున్నప్పుడు, దేవుడు అసలు ఉన్నాడా లేడా అనే అనుమానపడ్డాడు. ఆ అనుమానంతో పిలిచినా స్వామి పరిగెత్తుకొచ్చాడనే పోతన చెప్పాడు. అనుమానించినందుకు మొసలికి వదిలేయలేదు. భద్రాచలం రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి ఎంత తిట్టాడో మనందరికీ తెలుసు. చేయించిన నగల లెక్క అడిగాడు. ఆ తిట్లనే మనం భజనలో పాడుకుంటున్నాం.

చర్చికి వెళ్ళే మన తమ్ముళ్ళకి యోబు కథ తెలుసు. పశువులు పోయాయి, పిల్లలు పోయారు, ఒళ్ళంతా పుళ్ళు. ముగ్గురు స్నేహితులు వచ్చారు. మొదటి వారం రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు. అంతవరకు మంచివాళ్ళే. తర్వాత నోరు తెరిచి, నువ్వు ఏదో తప్పు చేసే ఉంటావు అని దేవుడి తరఫున వాదించారు. యోబు ఒప్పుకోలేదు, దేవుణ్ణే నిలదీశాడు. కథ చివర దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? నిలదీసినవాడి మీద కాదు, తన తరఫున వాదించిన ఆ స్నేహితుల మీద. మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. దినం భోజనాలకి వెళ్ళే ముందు ప్రతివాడూ ఒకసారి తలుచుకోవాల్సిన కథ అది. దేవుడు మనల్ని వకీళ్ళుగా పెట్టుకోలేదు.

ఇంకో మాట, ఇది దేవుడు లేడనే మిత్రులకి. మీ ప్రశ్న న్యాయమైంది. కానీ అదే దినం రోజున, అదే ఇంటి బయట, "చూశారా, దేవుడుంటే ఇలా జరుగుతుందా" అని బీడీ వెలిగించుకుంటూ నవ్వినవాణ్ణి కూడా చూశాను. ఆవిడ కొడుకు చావు మీ వాదనకి సాక్ష్యం కాదు. మావయ్య మాట ఎంత తప్పో ఆ నవ్వూ అంతే తప్పు.

ఇదంతా మాటల గొడవ అనుకోవద్దు. పాపం వల్ల పోయాడు అన్న మరుక్షణం మనం అసలు కారణం వెతకడం మానేస్తాం. ఈ కుర్రాడి చావుకి కారణాలు నాకు నాలుగు కనిపిస్తున్నాయి. కాళ్ళకి బూట్లు లేవు. చేతిలో సరైన టార్చిలైటు లేదు. మంత్రం దగ్గర రెండు గంటలు పోయాయి. ఊళ్ళో ఒక్కడు కూడా బండి తీసి నేరుగా ఆసుపత్రికి పదండి అని గట్టిగా చెప్పలేదు. ఈ నాలుగూ మనం మార్చగలిగినవి. తాత తవ్విన పుట్టని మార్చలేం. అందుకేనేమో మనకి పుట్ట కథ సుఖంగా ఉంటుంది.

కాబట్టి ఇది రాసి పెట్టుకోండి. రాత్రి పొలం వెళ్తే మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, పెద్ద టార్చి, చేతిలో కర్ర. కాటు పడితే కొయ్యొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఉంగరాలు, మొలతాడు, కాలి కడియాలు తీసేయండి. కాలు కదపకుండా ఉంచి, నడిపించకుండా, 108కి ఫోను చేసి ఆసుపత్రికి. పాము విషానికి విరుగుడు ఇంజెక్షను గుర్రాల రక్తం నుంచి తీసే మందు. మన దగ్గర దొరికేది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. ఎంత త్వరగా పడితే అంత మంచిది. పాముని వెతికి చంపి పట్టుకెళ్ళక్కర్లేదు, ఆ వెతుకులాటలో రెండో మనిషి కాటు తింటాడు.

2018లో మన దివిలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. నేను తప్పు పట్టను. మా ఇంట్లో నాగుల చవితికి ఇప్పటికీ పుట్టలో పాలు పోస్తారు. మొక్కుకోండి. కానీ ముందు ఇంజెక్షను, తర్వాత మోపిదేవి. ప్రాణం నిలిచాక మొక్కు తీర్చుకుంటే సుబ్రహ్మణ్యస్వామి ఏమీ అనుకోడు.

నిన్న మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. చేతిలో రెండు పళ్ళు తప్ప ఏమీ తీసుకెళ్ళలేదు. చెప్పడానికి కూడా ఏమీ లేదు. యోబు స్నేహితుల మొదటి వారం లాగా ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడే అడిగింది:

"బాబాయ్, మా మావగారు పుట్ట తవ్వించింది నిజమే. దానికా?"

"కాదమ్మా" అన్నాను. "మీ వాడు ఏ తప్పూ చెయ్యలేదు. మీ మావగారూ చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు."

"మరి దేవుడెందుకు చేశాడు?"

"నాకు తెలియదమ్మా. మా అమ్మని ఎందుకు తీసుకెళ్ళాడో కూడా నాకు ఇప్పటికీ తెలియదు. నువ్వు ఆయన్ని తిట్టాలనుకుంటే తిట్టు. నిన్ను మాత్రం తిట్టుకోకు."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు, దినం రోజున కూడా ఇంత ఏడవలేదన్నారు.

మా అమ్మకీ చెల్లికీ నేను ప్రతి కార్తీకంలో కాలవ రేవులో రెండు దీపాలు వదుల్తాను. ఎవరికి వదుల్తున్నానో, ఆయన వింటున్నాడో లేదో నాకు గట్టిగా తెలియదు. దీపం వదులుతూ ఏటా ఒకే ప్రశ్న అడుగుతాను. జవాబు రాలేదు. అయినా మళ్ళీ ఏడు వెళ్తాను. నా భక్తి ఇంతే. ఎక్కువ అని చెప్పుకోను, తక్కువ అంటే ఒప్పుకోను.

మీతో కోరేది ఒక్కటే. రేపు మీ ఊళ్ళో ఎవరింటికైనా దినం భోజనానికి వెళ్తారు. పక్కనవాడు "ఏ పాపం చేశాడో" అంటాడు. అప్పుడు నాలాగా చెయ్యి కడుక్కుని వచ్చేయకండి. "ఆ మాట వద్దు బావా" అని అక్కడే, వినపడేలా, ఒక్కసారి అనండి. గుమ్మం అవతల ఒక తల్లి వింటూ ఉంటుంది.

వచ్చేసారి మళ్ళీ ఎరువుల సంగతి మాట్లాడుకుందాం.